టెక్సస్‌లో రాని ఓటు న్యూజెర్సీలో ఎలా వస్తుంది?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మావారికి 2012లో అమెరికా పౌరసత్వం వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు వ్యాపారంలో వైర్ ఫ్రాడ్ (ఫోను, ఇంటర్నెట్ లాంటివాటి ద్వారా మోసం) కేసు పడింది. ఫెడరల్ కోర్టు జైలు శిక్ష, అది అయ్యాక 3 ఏళ్ల సూపర్‌వైజ్డ్ రిలీజ్ (జైలు తర్వాత ఆఫీసర్ పర్యవేక్షణలో ఉండటం) వేసి, రెస్టిట్యూషన్ (నష్టపోయినవాళ్లకి పరిహారం) కట్టమంది. 2023 ఆగస్టులో కాలికి బ్రేస్‌లెట్ పెట్టి ఇంటికి పంపారు, 2024 ఫిబ్రవరిలో అది తీసేశారు. డబ్బు నెలనెలా కడుతున్నాం, ఇంకా చాలా బాకీ ఉంది. ఈ ఆగస్టుకి మూడేళ్లు నిండుతాయి కాబట్టి నవంబరులో ఓటు వేస్తానని ఆయన ఆశగా ఉన్నారు. ఉగాది సంబరాల్లో ఓటరు నమోదు ఫారం కూడా తెచ్చుకున్నారు. తెలిసినాయన ఒకరు, గవర్నర్ క్షమాభిక్ష లేకుండా ఈ జన్మలో ఓటు రాదు, 1,500 డాలర్లిస్తే అర్జీ నేను పెట్టిస్తా అంటున్నారు. మా అబ్బాయేమో న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చేయండి, ఇక్కడైతే వెంటనే వస్తుందంటున్నాడు. గుంటూరులో ఉన్న మా అత్తగారు, ‘మన దగ్గర జైలుకెళ్లొచ్చినవాళ్లు ఎమ్మెల్యేలే అవుతుంటే మీకు ఓటుకే దిక్కు లేదా’ అంటారు. ఎవరి మాట నమ్మమంటారు? ఓటరుగా నమోదైతే జ్యూరీ డ్యూటీ కూడా పడుతుందా?

సమాధానం: ముందు ఆ ఫారం సంగతి చూద్దాం. మీవారు దాని మీద ఇంకా సంతకం పెట్టకపోతే పెట్టనివ్వకండి. పెట్టి ఉంటే పోస్టు చేయనివ్వకండి. ఆగస్టులో మూడేళ్లు నిండుతాయన్న మీ లెక్కలో ఆరు నెలల తేడా ఉంది, టెక్సస్‌లో ఆ ఆరు నెలలే ప్రాణం మీదికి తెస్తాయి.

కాలికి బ్రేస్‌లెట్‌తో ఇంట్లో ఉన్న రోజులు సూపర్‌వైజ్డ్ రిలీజ్ కిందికి రావు. ఆ కాలమంతా ఆయన లెక్కప్రకారం బ్యూరో ఆఫ్ ప్రిజన్స్ (ఫెడరల్ జైళ్ల శాఖ) కస్టడీలోనే ఉన్నారు. మన ఇంట్లో, మన మంచం మీద పడుకున్నా కాగితాల్లో అది జైలు శిక్షలో చివరి భాగమే. ఆ కస్టడీ ముగిసి విడుదలైన రోజు నుంచే సూపర్‌వైజ్డ్ రిలీజ్ గడియారం మొదలవుతుంది. మీరు రాసినదాన్నిబట్టి అది 2024 ఫిబ్రవరి. అక్కణ్నుంచి 3 ఏళ్లంటే 2027 ఫిబ్రవరి. అంటే 2026 నవంబరు 3న జరిగే ఎన్నికల నాటికి ఆయన ఇంకా పర్యవేక్షణలోనే ఉంటారు. సరిగ్గా ఏ తేదీ అన్నది ఆయన్ని పర్యవేక్షించే ప్రొబేషన్ ఆఫీసర్‌ని ఈమెయిల్లో అడగండి. ఫోన్లో చెప్పింది మీ దగ్గర ఉండదు, ఈమెయిల్ ఉంటుంది. మధ్యలో ఇంకో కేసులో 30 రోజులో అంతకన్నా ఎక్కువో జైల్లో ఉండాల్సివస్తే ఆ రోజులు కూడా ఈ మూడేళ్లలో కలవవు.

టెక్సస్ ఎన్నికల చట్టం ఫెలనీ (పెద్ద నేరం) శిక్ష పడినవాళ్ల విషయంలో చూసేది ఒకటే: జైలు, పెరోల్, పర్యవేక్షణ, ప్రొబేషన్, వీటిలో ఏది పడితే అది పూర్తిగా ముగిసిందా లేదా అని. పూర్తిగా ముగిసిన రోజున హక్కు దానంతటదే తిరిగొస్తుంది. అర్జీ అక్కర్లేదు, ఫీజు లేదు, ఎవరి సంతకమూ అవసరం లేదు. కాని ఒక్కరోజు మిగిలున్నా హక్కు లేనట్టే. ఫారం మీద ఉన్న ప్రకటన కూడా ఇదే అడుగుతుంది, అబద్ధమైతే అది పెర్జురీ (ప్రమాణం చేసి అబద్ధమాడటం) నేరమని కిందే రాసి ఉంటుంది. ‘ఎన్నికల నాటికి ఎలాగూ అయిపోతుంది కదా’ అని ముందే పంపకూడదు. సంతకం పెట్టే రోజుకి అర్హత ఉండాలి.

పర్యవేక్షణలో ఉండగా వేసిన ఓటు అక్కడ ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే టారంట్ కౌంటీలోని క్రిస్టల్ మేసన్ కేసు చూడాలి. ఆవిడదీ ఫెడరల్ కేసే, పన్నులకు సంబంధించింది. సూపర్‌వైజ్డ్ రిలీజ్‌లో ఉండగా 2016లో పోలింగ్ కేంద్రానికి వెళితే జాబితాలో పేరు లేదు. అక్కడివాళ్లు ప్రొవిజనల్ బ్యాలెట్ (అర్హత తేలాకే లెక్కించే తాత్కాలిక ఓటు) ఇచ్చారు, ఆవిడ నింపి సంతకం చేసింది. ఆ ఓటు లెక్కలోకి కూడా రాలేదు. అయినా 2018లో 5 ఏళ్ల జైలు శిక్ష పడింది. తనకు హక్కు లేదన్న సంగతి ఆమెకు తెలుసని రుజువు కాలేదంటూ 2024 మార్చిలో అప్పీలు కోర్టు ఆ శిక్ష కొట్టేసింది, ప్రభుత్వం మళ్లీ పైకోర్టుకి వెళ్లింది. ఒక్క కాగితం మీద సంతకానికి ఎనిమిదేళ్లకు పైగా కోర్టుల చుట్టూ తిరగడం. పైగా 2023 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో అక్రమ ఓటింగ్ మళ్లీ సెకండ్ డిగ్రీ ఫెలనీ: 2 నుంచి 20 ఏళ్లు. మీవారికైతే రెండు దెబ్బలు. కొత్త కేసొకటి, సూపర్‌వైజ్డ్ రిలీజ్ షరతు తప్పినందుకు పాత కోర్టు మళ్లీ జైలుకి పంపడం ఇంకొకటి. అందుకే ‘ప్రొవిజనల్ వేసి చూద్దాం, అర్హత లేకపోతే వాళ్లే పక్కన పెడతారు’ అని ఎవరన్నా చెబితే వినకండి.

ఇంకో ఉచ్చు ఉంది, ఓటరు కార్డు. ఫెడరల్ కోర్టులో ఫెలనీ శిక్ష పడగానే యూఎస్ అటార్నీ (ఫెడరల్ ప్రభుత్వ లాయరు) ఆఫీసు రాష్ట్ర ఎన్నికల అధికారికి తెలియజేయాలి, అక్కణ్నుంచి కౌంటీకి వెళ్లి పేరు తీసేయాలి. చాలాసార్లు జరుగుతుంది, కొన్నిసార్లు జరగదు. టెక్సస్ రెండేళ్లకోసారి కొత్త కార్డులు పంపుతుంది కాబట్టి పేరు తీయడం మరిచిపోతే మీవారి పేరుతో కార్డు పోస్టులో వచ్చినా రావచ్చు. కార్డు వచ్చిందంటే అర్హత ఉన్నట్టు కాదు. ఫ్లోరిడాలో 2022 ఆగస్టులో అక్రమంగా ఓటు వేశారని అరెస్టు చేసినవాళ్లలో చాలామందికి ప్రభుత్వమే కార్డులు పంపింది. కార్డు వస్తే లోపల పెట్టేయండి, వాడొద్దు.

ఇప్పుడు మీ అబ్బాయి మాట. అతను చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పాడు.

ఓటు ఎవరికుండాలో అమెరికాలో రాష్ట్రాలే తేల్చుకుంటాయి. నేరం ఫెడరల్‌దైనా ఓటు మాత్రం మీరు ఏ రాష్ట్రంలో నివాసం ఉంటే ఆ రాష్ట్రం చట్టం చూడాలి. శిక్ష పడినవాళ్ల ఓటు తీసేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 1974లో సుప్రీంకోర్టు రిచర్డ్‌సన్ వర్సెస్ రమీరెజ్ కేసులో తేల్చింది, రాజ్యాంగం 14వ సవరణలోని రెండో సెక్షన్ మాటలు ఆధారంగా. అందుకే ఇంత గందరగోళం. మెయిన్, వెర్మాంట్, వాషింగ్టన్ డీసీల్లో జైల్లో ఉన్నా ఓటు పోదు. న్యూజెర్సీలో 2019 డిసెంబరులో చట్టం మార్చారు, 2020 మార్చి నుంచి అమలు. అక్కడ జైల్లో ఉన్నంతకాలమే ఓటు ఉండదు, బయటికి వస్తే పెరోల్‌లో ఉన్నా, ప్రొబేషన్‌లో ఉన్నా, ఫెడరల్ సూపర్‌వైజ్డ్ రిలీజ్‌లో ఉన్నా ఓటు ఉంటుంది. అంటే అదే మనిషి, అదే తీర్పు, అదే ప్రొబేషన్ ఆఫీసర్. ఫ్రిస్కోలో ఉంటే ఓటు నేరం, ఎడిసన్‌లో ఉంటే హక్కు. చూడ్డానికి వింతగా ఉన్నా చట్టం అదే.

మీ అబ్బాయి చెప్పని సగం ఏమిటంటే, సూపర్‌వైజ్డ్ రిలీజ్‌లో ఉన్న మనిషి ఇష్టమొచ్చినప్పుడు సామాను సర్దుకుని వెళ్లలేడు. ఇల్లు మారాలంటే కనీసం 10 రోజుల ముందు ప్రొబేషన్ ఆఫీసర్‌కి చెప్పాలి, కోర్టు జిల్లా దాటాలంటే అనుమతి కావాలి. ఫ్రిస్కో టెక్సస్ ఈస్టర్న్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తుంది, డాలస్ నార్తర్న్‌లోకి. ఆ లెక్కన పక్కనున్న డాలస్‌కి వెళ్లడానికే అనుమతి మాట వస్తుంది, మీరు ఇప్పటికే ఆ తతంగం చూసే ఉంటారు. న్యూజెర్సీకి శాశ్వతంగా మారాలంటే పర్యవేక్షణనే అక్కడికి బదిలీ చేయాలి. మీ ఆఫీసర్ న్యూజెర్సీ ప్రొబేషన్ ఆఫీసుకి అభ్యర్థన పంపుతారు, అక్కడివాళ్లు మీ అబ్బాయి ఇంటికి వచ్చి చూస్తారు, ఇంట్లో ఎవరెవరున్నారో కనుక్కుంటారు, ఉద్యోగం సంగతి అడుగుతారు, ఒప్పుకుంటేనే కదలాలి. దీనికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. ‘ఓటు కోసం’ అని రాస్తే ఆఫీసర్లకి అది కారణంగా కనిపించదు. కుటుంబం దగ్గర ఉండటం, ఉద్యోగం, ఆరోగ్యం లాంటి అసలు కారణాలుంటే అవి రాయండి. అవేవీ లేకపోతే ఒక ఓటు కోసం ఇల్లు మార్చమని మేం చెప్పం.

నిజంగా మారితే మాత్రం పని తేలికే. ఎన్నికల నాటికి ఆ కౌంటీలో 30 రోజుల నివాసం ఉండాలి. నమోదుకి గడువు ఎన్నికకు 21 రోజుల ముందు, అంటే ఈ నవంబరు ఎన్నికకైతే అక్టోబరు 13. ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, న్యూజెర్సీ లైసెన్స్ నంబరు గాని సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి 4 అంకెలు గాని కావాలి. ఫారంలోని ప్రకటన ‘ప్రస్తుతం జైలు శిక్ష అనుభవించడం లేదు’ అన్నంతవరకే ఉంటుంది, దాని మీద ఆయన నిశ్చింతగా సంతకం పెట్టొచ్చు. నమోదులో ఇచ్చే అడ్రసు, ప్రొబేషన్ ఆఫీసర్ దగ్గరున్న అడ్రసు ఒకటే అయ్యుండాలి. కాపురం ఫ్రిస్కోలో పెట్టుకుని అబ్బాయి అడ్రసుతో నమోదు చేయిస్తే అదో కొత్త నేరం. 2027 ఫిబ్రవరి లోపు మళ్లీ టెక్సస్‌కి వచ్చేస్తే ఇక్కడ ఓటు మళ్లీ ఉండదన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇల్లు మారకుండానే తేదీని ముందుకు జరుపుకునే దారి ఒకటుంది. సూపర్‌వైజ్డ్ రిలీజ్ ఒక ఏడాది పూర్తయ్యాక దాన్ని ముందే ముగించమని శిక్ష వేసిన కోర్టునే మోషన్ (అర్జీ) వేసి అడగొచ్చు. మీవారికి ఆ ఏడాది ఎప్పుడో దాటింది. ముందు ప్రొబేషన్ ఆఫీసర్‌ని కలిసి, ‘మోషన్ వేస్తే మీకు అభ్యంతరమా’ అని అడగండి. ఆఫీసర్, ప్రభుత్వ లాయరు ఇద్దరూ వద్దనకపోతే చాలామంది జడ్జీలు హియరింగ్ పెట్టకుండా కాగితాల మీదే తేల్చేస్తారు. క్రిమినల్ కేసులో మోషన్ వేయడానికి కోర్టు ఫీజు ఉండదు. కేసు నడిచినప్పుడు మీ తరఫున ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్ (ప్రభుత్వం పెట్టే లాయరు) ఉంటే ఆ ఆఫీసుకే ఫోన్ చేయండి, సాయం చేసే అవకాశం ఉంది. మోషన్‌లో ఏడుపులు అక్కర్లేదు. ఉద్యోగం ఎప్పట్నుంచి, నెలకి ఎంత కడుతున్నారు, ఒక్క వాయిదా కూడా తప్పలేదన్న రుజువు, డ్రగ్ పరీక్షల్లో, రిపోర్టుల్లో ఏ తేడా రాలేదన్నది, ఇవి రెండు పేజీల్లో చెబితే చాలు. ఇక్కడ తేడా కొట్టేది ఎక్కువగా డబ్బు దగ్గరే. బాకీ పెద్దదిగా ఉండి, నెలవారీ కట్టేది ఆదాయానికి తగ్గట్టు లేకపోతే జడ్జి ఒప్పుకోకపోవచ్చు. మోషన్ వేసేముందు నాలుగైదు నెలలు వాయిదా కొంచెం పెంచి కట్టినా కాగితం మీద కనిపిస్తుంది. ఒప్పుకోకపోతే నష్టమేమీ లేదు, 2027 ఫిబ్రవరి ఎలాగూ వస్తుంది.

జడ్జి సంతకం పెడితే ఆ ఉత్తర్వు తేదీతో పర్యవేక్షణ ముగిసినట్టు. ఈ నవంబరుకి టెక్సస్ నమోదు గడువు అక్టోబరు 5. అప్పటికి ఉత్తర్వు చేతికొస్తే ఫారం నింపి పంపొచ్చు. రాకపోతే వచ్చే ఏడాదే.

రెస్టిట్యూషన్ బాకీ ఓటుకి అడ్డమా అని మీరు నేరుగా అడగలేదుగాని భయం మాత్రం ఉత్తరంలో కనిపిస్తోంది. టెక్సస్‌లో పర్యవేక్షణ ముగిశాక మిగిలిన బాకీ ఓటుని ఆపదు. బాకీ మాత్రం ఎక్కడికీ పోదు, విడుదలైన తర్వాత 20 ఏళ్ల దాకా ప్రభుత్వం వసూలు చేసుకోవచ్చు. ఫ్లోరిడా కథ వేరు. అక్కడ 2018లో ప్రజలే ఆ రాష్ట్ర రాజ్యాంగానికి ప్రతిపాదించిన నాలుగో సవరణకి 64 శాతానికి పైగా ఓట్లేసి హక్కు తిరిగిచ్చారు. మరుసటి ఏడాది శాసనసభ దానికి తోక తగిలించింది: శిక్షలో భాగమైన జరిమానాలు, ఫీజులు, రెస్టిట్యూషన్ అన్నీ కడితేనే శిక్ష పూర్తయినట్టని. 2020 సెప్టెంబరులో ఫెడరల్ అప్పీలు కోర్టు అది చెల్లుతుందంది. రిటైరయ్యాక టాంపా వైపు వెళ్దామన్న ఆలోచన ఎప్పుడైనా ఉంటే బాకీ లెక్క ముందే చూసుకోండి. అక్కడ అనుమానం ఉన్నవాళ్లు ఫ్లోరిడా డివిజన్ ఆఫ్ ఎలక్షన్స్‌ని అడ్వైజరీ ఒపీనియన్ (అర్హత మీద సలహా) రాతపూర్వకంగా కోరొచ్చు, తొందరపడి నమోదు చేసుకోవడం కన్నా అది మేలు.

మనవాళ్లు ఎక్కువగా ఉండే మిగతా రాష్ట్రాలు క్లుప్తంగా: కాలిఫోర్నియా, ఇల్లినాయ్, మిషిగన్, పెన్సిల్వేనియా, ఒహాయో, వాషింగ్టన్ రాష్ట్రం న్యూజెర్సీ దారిలోనే ఉన్నాయి, జైలు బయటికొస్తే ఓటుంటుంది. జార్జియా, నార్త్ కెరొలైనా టెక్సస్ లాగా ప్రొబేషన్ కూడా ముగియాలంటాయి. వర్జీనియాలో మాత్రం రాజ్యాంగం ఆ అధికారాన్ని గవర్నర్ చేతుల్లో పెట్టింది. మీకు సలహా ఇచ్చినాయన బహుశా అక్కడి సంగతి ఎక్కడో విని టెక్సస్‌కి అంటగట్టి ఉంటారు.

ఆయన మాట వచ్చింది కాబట్టి: ఫెడరల్ నేరానికి క్షమాభిక్ష ఇచ్చే అధికారం ఏ గవర్నర్‌కీ లేదు, అది అధ్యక్షుడొక్కరిదే. ఆ అర్జీకి ఫీజు లేదు, విడుదలైన తర్వాత మామూలుగా 5 ఏళ్లు ఆగమంటారు. టెక్సస్‌లో ఓటుకి అది అసలు అవసరమే లేదు. ఓటరు నమోదు ఏ రాష్ట్రంలోనైనా ఉచితం. ఆ 1,500 డాలర్లు రెస్టిట్యూషన్‌లో కట్టండి, మోషన్‌కైనా పనికొస్తుంది.

మీ అత్తగారు చెప్పింది మన దేశం వరకు చాలామటుకు కరెక్టే. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 62(5) సెక్షన్ ప్రకారం జైల్లోనో పోలీసు కస్టడీలోనో ఉన్నంతసేపే ఓటు వేయకూడదు. బెయిల్ మీద బయటికొచ్చినా వేయొచ్చు, శిక్ష ముగిసి వచ్చిన మర్నాడే వేయొచ్చు. జాబితాలో పేరు కూడా పోదు. పోటీ చేయడానికి మాత్రం అడ్డుంది: 2 ఏళ్లో అంతకు మించో శిక్ష పడితే శిక్షాకాలంతోపాటు విడుదలయ్యాక ఇంకో 6 ఏళ్లు అనర్హత. మీవారికి ఈ చట్టంతో పని లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజునే గుంటూరు ఓటు పోయింది, ఓసీఐ కార్డుతో అది రాదు.

2027 ఫిబ్రవరిలో గాని ఉత్తర్వు వచ్చాక గాని చేయాల్సింది చెబుతాం. ‘హక్కు దానంతటదే వస్తుంది’ అంటే పేరు కూడా దానంతటదే జాబితాలోకి ఎక్కుతుందని చాలామంది అనుకుంటారు, పోలింగ్ రోజున వెనక్కి తిరిగొస్తారు. హక్కు వస్తుంది, పేరు రాదు. మళ్లీ కొత్తగా నమోదు చేసుకోవాల్సిందే. మూడు కాగితాలు ఒక ఫైల్లో పెట్టండి: కోర్టు తీర్పు ప్రతి (అందులో శిక్ష, సూపర్‌వైజ్డ్ రిలీజ్, డబ్బు వివరాలు వేర్వేరు పేజీల్లో ఉంటాయి), పర్యవేక్షణ ముగిసిందని ప్రొబేషన్ ఆఫీసు ఇచ్చే లేఖ లేదా జడ్జి ఉత్తర్వు, రెస్టిట్యూషన్ చెల్లింపుల లెక్క. తీర్పు ప్రతి లేకపోతే ఫెడరల్ కోర్టు కాగితాలు దొరికే పేసర్ (PACER) వెబ్‌సైట్‌లో పేజీకి 10 సెంట్లు, ఒక్కో పత్రానికి గరిష్ఠంగా 3 డాలర్లు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే అసలు కట్టక్కర్లేదు.

టెక్సస్‌లో మామూలుగా ఆన్‌లైన్ నమోదు లేదు. ఫారం కాగితం మీద నింపి, సంతకం పెట్టి కౌంటీ ఎన్నికల ఆఫీసుకి పోస్టులోనో చేత్తోనో ఇవ్వాలి. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది, మీ ఇల్లు ఏ కౌంటీయో చూసుకుని పంపండి. చేత్తో ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోవడం మంచిది. మే మొదటి శనివారం జరిగే సిటీ, స్కూల్ బోర్డు ఎన్నికలకి అందుకోవాలంటే 30 రోజుల ముందే ఇవ్వాలి. పాత రికార్డు ఇంకా సరిచేయక కౌంటీ నుంచి ‘మీ అర్హత మీద సందేహముంది’ అని నోటీసు వస్తే కంగారు పడొద్దు, మూలన పడేయొద్దు. 30 రోజుల్లో జవాబివ్వకపోతే పేరు తీసేస్తారు. ఫైల్లోని లేఖ ప్రతి జతచేసి పంపితే సరిపోతుంది.

ఇది చదివేవాళ్లలో గ్రీన్ కార్డు మీదున్నవాళ్లకి ఒక్క మాట. మీకు తిరిగి రావడానికి ఓటు ముందునుంచే లేదు. శిక్ష పడ్డా పడకపోయినా ఫెడరల్ ఎన్నికల్లో పౌరుడు కానివాడు ఓటు వేయడం నేరం, దేశం నుంచి పంపేయడానికీ కారణమవుతుంది. లైసెన్స్ ఆఫీసులో తెరమీద ‘ఓటరుగా నమోదు చేయాలా’ అని అడిగినప్పుడు తొందర్లో అవునని నొక్కి తర్వాత పౌరసత్వ ఇంటర్వ్యూలో ఇరుక్కున్నవాళ్లున్నారు. అక్కడ ‘నో’ నొక్కి, ప్రింటు వచ్చాక ఒకసారి చదువుకోండి.

చివరికి జ్యూరీ. ఓటరుగా నమోదైనా, ఒట్టి డ్రైవింగ్ లైసెన్స్ ఉన్నా టెక్సస్‌లో జ్యూరీ నోటీసు రావచ్చు, ఆ రెండు జాబితాల నుంచే పేర్లు తీస్తారు. ఓటు వచ్చినంత మాత్రాన జ్యూరీలో కూర్చునే అర్హత రాదు, తుపాకీ హక్కూ రాదు, అవి వేరే చట్టాల కింద నడుస్తాయి. నోటీసు వస్తే ఫెలనీ శిక్ష పడిందా అన్న ప్రశ్నకి ‘అవును’ అని టిక్ పెట్టి, సంతకం చేసి, అందులో ఇచ్చిన గడువులోపు తిరిగి పంపేయండి.